టేపు పట్టుకోవచ్చు, చదవకూడదు: అమెరికాలో ఇంటి ముందు బోర్డుల గొడవ

ఇంటి ముందు పచ్చికలో మూడు బోర్డులు పాతారనుకోండి. మూడూ ఒకే రకం ప్లాస్టిక్ అట్టలు, కింద ఒకే రకం తీగ స్టాండ్లు. ఒకదాని మీద ఫలానా అభ్యర్థికి ఓటేయండి అని ఉంది, రెండోదాని మీద యుద్ధం వద్దు అని ఉంది, మూడోదాని మీద ఆదివారం ప్రార్థనకి ఇటు రండి అని బాణం గుర్తు ఉంది. గాలొస్తే మూడూ ఒకేలా ఊగుతాయి, దారినపోయే వాళ్ల కంటికి మూడూ ఒకేలా అడ్డొస్తాయి. కానీ అరిజోనాలోని గిల్బర్ట్ టౌన్ రూల్స్ ప్రకారం ఒకప్పుడు ఈ మూడింటికీ మూడు లెక్కలు. యుద్ధం వద్దు అనే బోర్డు 20 చదరపు అడుగుల దాకా ఉండొచ్చు, ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చు. ఓటేయమనే బోర్డు ఇళ్ల దగ్గరైతే 16 చదరపు అడుగులు దాటకూడదు, ప్రైమరీ ఎన్నికకి, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికకి, 60 రోజుల ముందు పెట్టి, జనరల్ ఎన్నిక అయిన 15 రోజుల్లోపు తీసేయాలి. ప్రార్థనకి దారి చూపే బోర్డుకి మాత్రం 6 చదరపు అడుగులే, ఒక స్థలంలో నాలుగుకి మించకూడదు, కార్యక్రమానికి 12 గంటల ముందు పెట్టి అయిపోయిన గంటలోపు పీకేయాలి.

ఆ చివరి రూల్ దగ్గరే తంటా వచ్చింది. గిల్బర్ట్‌లో గుడ్ న్యూస్ కమ్యూనిటీ చర్చ్ అని ఒక చిన్న చర్చి, దానికి సొంత బిల్డింగ్ లేదు, స్కూళ్లలోనూ ఇంకెక్కడెక్కడో ప్రార్థనలు జరుపుకునేది. ఈ వారం ఎక్కడ అన్నది జనానికి తెలియాలంటే బోర్డులే గతి. అందుకని చర్చి వాళ్లు శనివారం పొద్దున్నే ఓ పదిహేను ఇరవై బోర్డులు పెట్టి ఆదివారం మధ్యాహ్నానికి తీసేసేవాళ్లు. టౌన్ వాళ్లు రెండుసార్లు నోటీసు ఇచ్చారు, ఒకసారైతే బోర్డే పట్టుకుపోయారు, పాస్టర్ క్లైడ్ రీడ్ టౌన్ ఆఫీసుకెళ్లి దాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015 జూన్ 18న తేలింది. తొమ్మిదిమంది జడ్జీలూ చర్చికే అనుకూలం. ఈ రోజు అమెరికాలో ఏ సిటీ అయినా ఇంటి ముందు పెట్టే తాత్కాలిక బోర్డుల మీద రూల్ రాయాలంటే ముందు ఈ రీడ్ వర్సెస్ గిల్బర్ట్ తీర్పుని పక్కన పెట్టుకుని కూర్చోవాల్సిందే.

తీర్పు సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే, సిటీ మనిషి టేపు పట్టుకుని రావొచ్చు, కళ్లద్దాలు పెట్టుకుని చదవడానికి మాత్రం రాకూడదు. బోర్డు ఎంత పెద్దది, ఎంత ఎత్తు, రోడ్డుకి ఎంత దూరం, ఎన్ని ఉన్నాయి, లైటు ఉందా లేదా, ఇవన్నీ కొలవొచ్చు. కానీ బోర్డు మీద ఏం రాసుందో చూసి, దాన్ని బట్టి ఈ రూలా ఆ రూలా అని తేల్చాల్సి వస్తే ఆ రూల్ నిలబడడం చాలా కష్టం. రాజ్యాంగ మొదటి సవరణ భావప్రకటనకి ఇచ్చిన రక్షణ దగ్గర అది ఆగిపోతుంది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ థామస్ ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు: సిటీకి ఏ చర్చి మీదా కోపం లేకపోవచ్చు, ఉద్దేశం మంచిదే కావొచ్చు, అయినా రూల్ విషయాన్ని బట్టి మారుతుంటే అది తప్పే. ఊరి అందం కోసం, ట్రాఫిక్ భద్రత కోసం అని టౌన్ వాదించింది. సరే, దారి చూపే బోర్డు అసహ్యంగా ఉండి యుద్ధం వద్దు లాంటి సిద్ధాంతం చెప్పే బోర్డు అందంగా ఎలా ఉంటుంది అని కోర్టు అడిగితే జవాబు లేదు. జస్టిస్ కేగన్ విడిగా రాసిన అభిప్రాయంలో, విషయాన్ని బట్టి మారే రూల్స్‌కి కోర్టులు పెట్టే కఠిన పరీక్ష మాట అటుంచి గిల్బర్ట్ రూల్ నవ్వు ఆపుకునే పరీక్షలో కూడా నెగ్గదన్నారు. ఆవిడ అంతటితో ఆగలేదు, థామస్ చెప్పినంత కఠినంగా వెళ్తే దేశంలో ఏ హానీ చేయని మామూలు బోర్డు రూల్స్ కూడా బోలెడు కూలిపోతాయని హెచ్చరించారు. ఆ తర్వాతి ఏళ్లలో ఎన్నో సిటీలు లాయర్లని పెట్టుకుని రూల్ పుస్తకాలు తిరగరాసుకున్న తీరు చూస్తే ఆవిడ భయం ఉత్తది కాదనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. అమెరికా సిటీల్లో ఈ రూల్స్‌ని ఆర్డినెన్స్ అంటారు. మనకి ఆ మాట వింటే రాష్ట్రపతో గవర్నరో హడావుడిగా తెచ్చే చట్టం గుర్తొస్తుంది గానీ, అక్కడ ఆర్డినెన్స్ అంటే సిటీ కౌన్సిల్ చర్చించి పాస్ చేసుకున్న మామూలు స్థానిక చట్టం. ప్రతి ఊరికీ తనదైన ఆర్డినెన్స్ ఉంటుంది, అందుకే వీధికి ఈ పక్క ఒక సిటీ ఆ పక్క ఇంకో సిటీ అయితే ఎదురెదురు ఇళ్లకి వేర్వేరు రూల్స్ ఉండే అవకాశం కూడా ఉంది.

రీడ్ కేసు చర్చి బోర్డుల గురించి. ఇంటి బోర్డుల కేసు అంతకు ఇరవై ఏళ్ల ముందే వచ్చింది, నిజానికి అదే ఎక్కువ ముచ్చటైన కేసు. మిస్సోరిలో సెయింట్ లూయిస్ పక్కన లడూ అని ఒక సంపన్నుల శివారు ఊరు. అక్కడ మార్గరెట్ గిలియో అనే ఆవిడ 1990 డిసెంబర్ 8న తన ఇంటి ముందు 24 అంగుళాల వెడల్పు 36 అంగుళాల పొడవున్న బోర్డు పెట్టారు. పర్షియన్ గల్ఫ్‌లో యుద్ధం వద్దనండి, ఇప్పుడే కాంగ్రెస్‌కి ఫోన్ చేయండి అని దాని సారాంశం. ఆ బోర్డు మాయమైంది. ఇంకోటి పెట్టారు, అది నేల మీద పడి కనిపించింది. పోలీసులకి ఫిర్యాదు చేస్తే, అసలు లడూలో అలాంటి బోర్డులు పెట్టడమే నిషేధం అన్నారు. బోర్డు పోయిందని చెప్పుకోవడానికి వెళ్తే బోర్డు పెట్టడమే నేరమని తెలిసిందన్నమాట. కౌన్సిల్‌ని మినహాయింపు అడిగారు, ఇవ్వలేదు, కోర్టుకెళ్లారు. కింది కోర్టు సిటీని ఆపితే, ఆవిడ ఈసారి మేడ మీది కిటికీలో మామూలు టైపు కాగితం సైజులో గల్ఫ్‌లో శాంతి కోసం అని ఒక చిన్న కాగితం అంటించారు. సిటీ ఊరుకుందా? పాత ఆర్డినెన్స్ రద్దు చేసి, కిటికీ కాగితానికి కూడా తగిలేలా కొత్త ఆర్డినెన్స్ రాసుకుంది. 1994 జూన్ 13న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సిటీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది.

ఆ తీర్పు రాసింది జస్టిస్ స్టీవెన్స్. ఇల్లు అనేది ఎందుకు ప్రత్యేకమో ఆయన చెప్పిన పద్ధతి చదవదగ్గది. బోర్డు వద్దు గానీ కరపత్రాలు పంచుకోవచ్చు, ఉత్తరాలు రాసుకోవచ్చు, కారు వెనక స్టిక్కర్ అంటించుకోవచ్చు కదా అని సిటీ వాదన. దానికి ఆయన జవాబు ఏమిటంటే, ఇంటి ముందు బోర్డులో మాట ఎంత ముఖ్యమో ఆ మాట ఎవరింటి ముందు ఉంది అన్నదీ అంతే ముఖ్యం. గల్ఫ్‌లో శాంతి కావాలి అన్న బోర్డు రిటైరైన సైన్యాధికారి ఇంటి ముందుంటే చూసేవాళ్లకి ఒకటి తోస్తుంది, అదే మాట పదేళ్ల పిల్లవాడి గది కిటికీలో ఉంటే ఇంకోటి తోస్తుంది, దారినపోయే కారు మీదుంటే మరోటి. పైగా ఇది చవక, పెద్దగా శ్రమ అక్కర్లేదు. పేపర్లో ప్రకటన వేయించుకునే స్తోమత లేనివాళ్లకి సొంత పచ్చికే వేదిక. ఇరుగుపొరుగుకి చెప్పాలనుకున్న మాట ఇరుగుపొరుగుకి చేరాలంటే ఇంతకంటే సూటి దారి లేదు. మరి ఊరంతా బోర్డుల చెత్త అయిపోతే ఎలా అన్న భయానికి ఆయన చెప్పింది చాలా లౌక్యం ఉన్న మాట: సొంత ఇంటి విలువ పడిపోకూడదని ఇంటివాళ్లకే ఉంటుంది, కాబట్టి ఎవరూ తమ పచ్చికని తామే అడవి చేసుకోరు. చేసుకునేవాళ్లూ అక్కడక్కడ ఉంటారు, అది వేరే సంగతి.

ఇదే స్టీవెన్స్ పదేళ్ల ముందు 1984లో లాస్ ఏంజిలెస్ కేసులో సిటీ పక్షాన తీర్పు రాశారు. అక్కడ ఎన్నికల బోర్డుల్ని వీధుల్లో కరెంటు స్తంభాలకీ వాటి అడ్డ తీగలకీ కట్టారు. ప్రభుత్వ ఆస్తికి బోర్డులు కట్టకూడదన్న సిటీ రూల్ చెల్లుతుందని కోర్టు 6-3తో తేల్చింది. ఒకే జడ్జి, ఒకే రాజ్యాంగం, తీర్పులు మాత్రం అటూ ఇటూ. తేడా అల్లా బోర్డు ఎవరి స్థలంలో ఉందన్నదే. ఈ ఒక్క తేడా బుర్రకెక్కితే ఇళ్ల దగ్గర వచ్చే గొడవల్లో సగం అర్థమైపోతాయి.

ఎందుకంటే ఇంటి ముందు పచ్చిక మొత్తం ఇంటివాళ్లది కాదు. అమెరికాలో చాలా వీధుల్లో కాలిబాటకీ రోడ్డుకీ మధ్య ఒక గడ్డి పట్టీ ఉంటుంది. దాన్ని కత్తిరించేది ఇంటివాళ్లు, నీళ్లు పెట్టేది ఇంటివాళ్లు, కత్తిరించకపోతే నోటీసు వచ్చేదీ ఇంటివాళ్లకే. కానీ దాని మీద హక్కు సాధారణంగా సిటీది, రైట్ ఆఫ్ వే అంటారు, నీళ్ల పైపులూ కేబుళ్లూ అందులోంచే పోతాయి. కాలిబాట లేని వీధుల్లో ఇంకా చిక్కు, అంచు కనిపించకుండానే ఎన్నో అడుగులు పచ్చికలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. బోర్డు పెట్టేవాళ్లు కార్లలో వెళ్లేవాళ్లకి బాగా కనిపించాలని రోడ్డు వారనే పెడతారు, అంటే సరిగ్గా ఆ పట్టీలోనే పాతుతారు, పొద్దున లేచి చూస్తే బోర్డు ఉండదు. ఎదుటి పార్టీ వాళ్ల పనే అని అనుమానాలు, కెమెరాలు తిప్పి చూడడాలు, పొరుగింటి వాళ్లతో మాటలు మానేయడాలు. తీరా చూస్తే సిటీ సిబ్బంది వీధి మొత్తం ఏరుకుంటూ పోయి ఉంటారు, అందులో రెండు పార్టీల బోర్డులూ ఉంటాయి. అదే బోర్డు పది అడుగులు వెనక్కి, సొంత స్థలంలోకి జరిపితే దానికి లడూ తీర్పు రక్షణ ఉండేది. ఇంటి ప్లాట్ కొలతల కాగితం, సర్వే ప్లాట్ అంటారు, ఒకసారి తీసి చూసుకుంటే ఈ అంచు ఎక్కడుందో తెలుస్తుంది. ఎవరూ చూసుకోరు.

మూల మీద ఇళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. రెండు రోడ్లు కలిసే చోట కారు నడిపేవాళ్లకి అటునుంచి వచ్చేది కనిపించాలి, అందుకని సిటీలు మూలలో ఒక త్రికోణం గీసి, ఆ త్రికోణంలో రెండు మూడడుగుల ఎత్తు దాటి ఏదీ ఉండకూడదంటాయి. అది సొంత స్థలమే అయినా సరే. బోర్డే కాదు, పొద పెరిగినా, కంచె కట్టినా అదే రూల్, అందుకే దీన్ని కోర్టులో కొట్టేయించడం దాదాపు అసాధ్యం. బోర్డు మీద ఏముందో చూడని రూల్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదేమో.

సైజు సంగతి. షాపుల్లో దొరికే మామూలు యార్డ్ సైన్ 18 అంగుళాలు 24 అంగుళాలు, అంటే 3 చదరపు అడుగులు. గిలియో గారి బోర్డు 6 చదరపు అడుగులు. సాధారణంగా ఎవరికీ సైజు దగ్గర ఇబ్బంది రాదు, సంఖ్య దగ్గర వస్తుంది. అమెరికాలో ఒకే బ్యాలెట్ మీద సెనేటర్ నుంచి స్కూల్ బోర్డు దాకా బోలెడు పోటీలు ఉంటాయి. ఇంటికి రెండే బోర్డులు అని రూల్ పెడితే, ఏ ఇద్దరి పేర్లు పెట్టుకోవాలో ఇంటివాళ్లే తేల్చుకోవాలి. అందుకని కొన్ని సిటీలు బోర్డుల సంఖ్య లెక్కపెట్టకుండా మొత్తం వైశాల్యానికి ఒక హద్దు పెడతాయి, ఆ హద్దులో ఒక్కటి పెద్దది పెట్టుకుంటారో పన్నెండు చిన్నవి పెట్టుకుంటారో వాళ్లిష్టం. ఇది మెరుగైన పద్ధతి. ఎవరి ముఖం చూడక్కర్లేదు, కూడుకుంటే చాలు.

ఇక ఎన్నికల బోర్డులకి గడువు పెట్టడం. చాలా ఊళ్ల పాత రూల్స్‌లో ఇది ఉండేది, ఎన్నికకి ఇన్ని రోజుల ముందు తర్వాత అని. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1993లోనే టకోమా సిటీ పెట్టిన 60 రోజుల గడువు చెల్లదంది. రీడ్ తర్వాత అయితే రాజకీయ బోర్డు అని పేరు పెట్టి దానికి మాత్రమే గడువు పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. అయినా ఎన్నో ఊళ్ల పుస్తకాల్లో ఈ పాత లైన్లు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఎవరూ కోర్టుకెళ్లలేదు కాబట్టి. తెలివైన సిటీలు దీన్ని తిప్పి రాసుకున్నాయి: ఎన్నికకి ముందు ఇన్ని రోజులు ప్రతి ఇంటికీ మామూలు కోటా కంటే అదనంగా బోర్డులు అనుమతిస్తాం, వాటి మీద ఏం రాసుకుంటారో మీ ఇష్టం. ఆ రోజుల్లో జనం పెట్టేది ఎన్నికల బోర్డులే, ఆ సంగతి కౌన్సిల్‌కీ తెలుసు. కానీ ఆ అదనపు చోటులో ఇంటివాళ్లు మా పిల్లి తప్పిపోయింది అని రాసుకున్నా సిటీ ఏమీ అనదు. అదే కిటుకు.

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు పెట్టే బోర్డుకీ ఇదే కిటుకు వాడుతున్నారు. అమ్మకం బోర్డు అనకుండా, అమ్మకానికి లేదా అద్దెకి ఉన్న స్థలంలో అదనంగా ఒక బోర్డు అనుమతి అని రాస్తారు. ఈ అమ్మకం బోర్డులకి వెనక ఒక చేదు చరిత్ర ఉంది. న్యూజెర్సీలోని విల్లింగ్‌బరో టౌన్‌షిప్ 1970లలో ఇళ్ల ముందు అమ్మబడును బోర్డుల్ని నిషేధించింది. కారణం, నల్లజాతి కుటుంబాలు ఊళ్లోకి వస్తున్నాయని తెల్లవాళ్లు భయపడి ఇళ్లు అమ్ముకుని పోతారని, వీధి నిండా బోర్డులు కనిపిస్తే ఆ భయం అంటుకుంటుందని. ఉద్దేశం చూస్తే మంచిదే, జాతులు కలిసి బతికే ఊరుని కాపాడుకోవాలనే. అయినా 1977లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ థర్గూడ్ మార్షల్, స్కూళ్లలో జాతి వివక్షకి వ్యతిరేకంగా లాయర్‌గా పోరాడి గెలిచిన మనిషి. నిజమైన సమాచారం తెలిస్తే జనం తప్పుగా ప్రవర్తిస్తారని ప్రభుత్వం ఆ సమాచారాన్నే దాచిపెట్టకూడదు అన్నది ఆయన మాట. కావాలంటే ఊరు మా ఇల్లు అమ్మకానికి లేదు అనే బోర్డులతో ప్రచారం చేసుకోవచ్చని కూడా దారి చూపించారు.

ఇంతా చెప్పాక రీడ్ తీర్పుని ఇనుప గోడ అనుకోకూడదు. 2022 ఏప్రిల్‌లో ఆస్టిన్ సిటీ హోర్డింగుల కేసులో సుప్రీంకోర్టు కొంచెం సడలించింది. ఆ స్థలంలోనే జరిగే వ్యాపారం గురించిన బోర్డుకి ఒక రూల్, ఎక్కడో జరిగే వ్యాపారం గురించిన బోర్డుకి ఇంకో రూల్ పెట్టొచ్చా అన్నది ప్రశ్న. చదవకుండా ఇది తేలదు కదా, అయితే రీడ్ ప్రకారం తప్పేగా? కాదంది కోర్టు, 6-3తో. అక్కడ చదివేది చోటు తెలుసుకోవడానికే గానీ మాటని తూచడానికి కాదని జస్టిస్ సోటోమేయర్ రాశారు. అంటే చదవకూడదు అన్న సూత్రానికి కూడా ఒక సందు ఉంది. ఇళ్ల వరకు దీని ప్రభావం ఒక్కచోట కనిపిస్తుంది: సొంత పచ్చికలో చోటు ఏదో కంపెనీ ప్రకటనకి అద్దెకిస్తానంటే సిటీ ఆపగలదు. వ్యాపార ప్రకటనకి రాజ్యాంగ రక్షణ మామూలు మాట కంటే ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే. రూఫ్ వేసినవాళ్లూ పెయింట్ వేసినవాళ్లూ పని అయ్యాక కూడా నెలల తరబడి వదిలేసే తమ పేరు బోర్డుల మీద సిటీలు కొరడా ఝుళిపించగలిగేది అందుకే.

బూతు బోర్డుల సంగతి అడగకుండా ఎవరూ ఉండరు. న్యూజెర్సీలోని రోసెల్ పార్క్‌లో 2021లో ఒక ఇంటి కంచెకి అప్పటి అధ్యక్షుడు బైడెన్‌ని నాలుగక్షరాల ఇంగ్లీషు బూతుతో తిట్టే బ్యానర్లు కట్టారు. దగ్గర్లోనే స్కూలు ఉంది, పిల్లలు చూస్తున్నారు. స్థానిక జడ్జి తీసేయమన్నారు, తీయకపోతే రోజుకి 250 డాలర్ల జరిమానా అన్నారు. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ రంగంలోకి దిగి అప్పీలుకి వెళ్లేసరికి ఊరు కేసు వెనక్కి తీసుకుంది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. వియత్నాం యుద్ధానికి మనుషుల్ని బలవంతంగా తీసుకోవడాన్ని అదే బూతుతో తిడుతూ జాకెట్ మీద రాసుకుని కోర్టు బిల్డింగ్‌లోకి వెళ్లిన కుర్రాడిని శిక్షించడం చెల్లదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పేసింది. చూడబుద్ధి కాకపోతే చూపు తిప్పుకోవాలి, అంతే. పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లే వాళ్లకి ఈ సమాధానం రుచించదు, కానీ చట్టం ఉన్నది అక్కడే.

బోర్డుల్ని వదిలి అలంకరణల దగ్గరకొస్తే వ్యవహారం ఇంకా తమాషాగా ఉంటుంది. టెనెసీలోని జర్మన్‌టౌన్‌లో పండగ అలంకరణలు పండగకి 45 రోజుల కంటే ముందు పెట్టకూడదు, తర్వాత 30 రోజుల్లోపు తీసేయాలి అని రూల్ ఉండేది. ఒకావిడ హాలోవీన్ అనే దయ్యాల వేషాల పండగకి ఇంటి ముందు పెద్ద అస్థిపంజరం బొమ్మ పెట్టారు. పండగ అయిపోయింది, బొమ్మ తీయలేదు, దానికి ఎన్నికల వేషం వేశారు, తర్వాత క్రిస్మస్ వేషం వేశారు. సిటీ నోటీసు ఇచ్చింది. అస్థిపంజరం హాలోవీన్‌దే, క్రిస్మస్‌ది కాదు అని సిటీ లెక్క. 2025 ఫిబ్రవరిలో ఆవిడ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ప్రశ్న చూడండి ఎంత బావుందో: ఏ బొమ్మ ఏ పండగదో నిర్ణయించే అధికారం సిటీ ఉద్యోగికి ఎక్కడినుంచి వచ్చింది? బోర్డుని చదవకూడదంటే బొమ్మని మాత్రం ఎలా చదువుతారు? ఒక పెద్ద బొమ్మని ఏడాది పొడవునా ముందు పచ్చికలో ఉంచకూడదు అని, ఏ బొమ్మైనా సరే, అని రూల్ రాసుంటే సిటీకి కాస్త బలం ఉండేది. పండగ అన్న మాట రూల్‌లోకి దూరిన క్షణమే తంటా మొదలైంది.

లైట్ల సంగతి మాత్రం వేరు. ఆర్కాన్సాలోని లిటిల్ రాక్‌లో జెన్నింగ్స్ ఆస్‌బోర్న్ అనే వ్యాపారి కూతురు ముచ్చట పడిందని 1986లో క్రిస్మస్ లైట్లు పెట్టడం మొదలెట్టి, ఏటా పెంచుకుంటూ, పక్క ఇళ్లు కూడా కొని వాటి మీదా పెట్టి, ముప్ఫై లక్షల బల్బుల దాకా తీసుకెళ్లారు. చూడడానికి ఊళ్ల మీద ఊళ్లు కదిలొచ్చాయి, వీధిలో కార్లు కదల్లేదు, అంబులెన్స్ వస్తే ఎలా అని పొరుగువాళ్లు కోర్టుకెళ్లారు. ఆర్కాన్సా సుప్రీంకోర్టు 1994లో పొరుగువాళ్ల పక్షానే నిలిచింది. అక్కడ ఆ లైట్లు ఏం చెబుతున్నాయన్నది ఎవరికీ పట్టలేదు, ట్రాఫిక్, రద్దీ, ఇవే లెక్కకొచ్చాయి. లైట్లు ఊరకే పోలేదు, 1995లో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కుకి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడ వెలిగాయి. అలంకరణని సిటీ గానీ పొరుగు గానీ కట్టడి చేయాలంటే పట్టుకోవాల్సిన దారి ఇదే: వెలుగు, చప్పుడు, రాత్రి వేళలు, దారికి అడ్డం.

చాలామంది బోర్లాపడేది హెచ్‌ఓఏ దగ్గర, అంటే ఇళ్ల యజమానుల సంఘం. లడూ తీర్పు చదివి, మొదటి సవరణ మా వైపుంది అని ధైర్యంగా బోర్డు పెడతారు, సంఘం జరిమానా వేస్తుంది. రాజ్యాంగం కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. హెచ్‌ఓఏ ప్రభుత్వం కాదు, ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం. సిటీ చేయకూడని పని సంఘం చేయగలదు, ఇది వినడానికి అన్యాయంగా ఉన్నా సాధారణంగా అదే పద్ధతి. దీనికి విరుగుడు రాష్ట్ర చట్టాల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. టెక్సస్‌లో ఎన్నికకి 90 రోజుల ముందు నుంచి సంఘం ఎన్నికల బోర్డుల్ని ఆపకూడదు, కాకపోతే ఒక్కో అభ్యర్థికి ఒక్క బోర్డు, 4 అడుగులు 6 అడుగులు మించకూడదు అనొచ్చు. కాలిఫోర్నియాలో వ్యాపార సంబంధం లేని బోర్డు 9 చదరపు అడుగుల లోపుంటే, జెండా గానీ బ్యానర్ గానీ 15 చదరపు అడుగుల లోపుంటే మామూలుగా సంఘం అడ్డుకోకూడదు. జాతీయ జెండాకి ఫెడరల్ చట్టమే ఉంది, 2006లో అమల్లోకి వచ్చింది, అమెరికా జెండా ఎగరేయకుండా సంఘాలు నిషేధించకూడదు, స్తంభం ఎత్తు, చోటు లాంటివి మాత్రం నియంత్రించవచ్చు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి వీటిలో ఎంత వర్తిస్తుందన్నది లీజు కాగితం, రాష్ట్ర చట్టం రెండూ చూస్తే గానీ తేలదు.

నోటీసు వచ్చిందే అనుకోండి. సాధారణంగా అది పొరుగువాళ్ల ఫిర్యాదు మీదే వస్తుంది, చాలా సిటీల్లో కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్లకి, అంటే రూల్స్ అమలు చూసే విభాగానికి, వీధివీధీ తిరిగేంత సిబ్బంది ఉండరు. నోటీసులో ఆర్డినెన్స్ సెక్షన్ నంబర్ రాసి ఉంటుంది, సిటీ వెబ్‌సైట్లో ఆ సెక్షన్ తీసి చదవాలి. అందులో అడుగులూ అంగుళాలూ దూరాలూ ఉంటే గొడవ పడకుండా బోర్డు జరపడమో తగ్గించడమో తేలిక. రాజకీయ, మత, పండగ, సిద్ధాంత లాంటి మాటలు కనిపిస్తే మాత్రం ఫోన్ చేసి మర్యాదగా రీడ్ వర్సెస్ గిల్బర్ట్ తర్వాత ఈ సెక్షన్ మార్చారా అని అడిగితే చాలు, చాలాసార్లు ఆ ఫోను సిటీ అటార్నీ, అంటే సిటీ లాయర్, దాకా వెళ్లి వ్యవహారం అక్కడే చల్లబడే అవకాశం ఉంది. గడువులోపు రాతపూర్వకంగా అప్పీలు పెట్టుకోవడం మాత్రం మరిచిపోకూడదు, ఎంత న్యాయం పక్షాన ఉన్నా గడువు దాటితే జరిమానా నిలబడిపోతుంది. బోర్డు పాతే ముందు ఫొటో తీసుకోవడం, కాలిబాట నుంచి ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి ఆ టేపు కూడా ఫొటోలో పడేలా చూసుకోవడం మంచిది. మామూలు తీగ స్టాండ్ కాకుండా కర్ర పాతి లోతుగా తవ్వేటట్టయితే ముందు 811కి ఫోన్ చేయాలి, కింద గ్యాస్ పైపు ఎక్కడుందో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.